ఇంటి నంబరు లేని ఇల్లు

ఇల్లూ ఉద్యోగం వదిలేసి వ్యానులో ఊళ్లు తిరుగుతూ బతకడం... వినడానికి భలే సరదాగా ఉంటుంది. బాబ్ వెల్స్‌కి మాత్రం మొదటిరాత్రి ఏడుపొచ్చింది.

అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆయన సరుకుల దుకాణంలో గుమస్తా. 1995లో విడాకుల సమయంలో, పిల్లలకు పంపింది పోను మిగిలిన జీతంతో అద్దె కట్టి బతకడం కష్టమైంది. 1,500 డాలర్లకు పాత సరుకుల ట్రక్కు కొని అందులోనే పక్క వేసుకున్నాడు. అద్దె బెడద తప్పేసరికి నెలాఖరుకు చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. దాంతో ఏడుపూ ఆగింది! ఆ కిటుకులన్నీ 2005లో ఓ వెబ్‌సైట్‌లో పెట్టాడు. 2008 మాంద్యంలో ఇళ్లూ కొలువులూ పోయినవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘నోమాడ్‌ల్యాండ్’లో ఆయన తన పాత్రలోనే కనిపిస్తాడు.

ఇలాంటివాళ్లు చలికాలంలో ఎక్కువగా చేరేది అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్‌కి. ఆ చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు. బండి మీద సోలార్ పలక, మంచం కింద నీళ్ల డబ్బాలు, మూలన ఓ బకెట్టు. మరుగుదొడ్డి అదే! అందమైన ఫొటోల్లో ఆ బకెట్టు ఎప్పుడూ కనిపించదు.

బకెట్టుకైనా అలవాటు పడొచ్చుగానీ, అసలు చిక్కు చిరునామాతోనే. లైసెన్సు, బీమా, బ్యాంకు... అన్నీ అదే అడుగుతాయి. అందుకే చాలామంది సౌత్ డకోటా వెళ్తారు. అక్కడి హోటల్లో ఒక్కరాత్రి ఉన్న రశీదు, ఉత్తరాలకు అద్దెకు తీసుకున్న చిరునామా చూపిస్తే లైసెన్సు దొరుకుతుంది. ఓటు దగ్గర మాత్రం 2023లో మెలిక పెట్టారు... ఆ రాష్ట్రంలో 30 రోజులు ఉండి తీరాలట!