రద్దీలో నానో ఫోటో

2008 జనవరి 10న ఢిల్లీ ప్రగతి మైదానంలో, ఆటో ఎక్స్‌పో ప్రదర్శనలో, రతన్ టాటా లక్ష రూపాయల నానో కారును లోకానికి చూపించారు. ఆ వారంలోనే మేమూ వెళ్లాము. "దాని ఫోటో ఒకటి తీసుకురండిరా" అని నాన్నగారు మరీ మరీ చెప్పి పంపారు. బ్రతుకంతా సైకిలు మీదే తిరిగినవారాయన.

తీరా వెళ్తే కారు కనబడితే గదా! ఎటు చూసినా తలలే. చేతులెత్తి నాలుగు ఫోటోలు తీశాము. అవన్నీ జనం వీపులే అయి ఉంటాయి. రీలులో ఇక ఆరు మిగిలాయి.

అప్పుడు తొందర మానాము. ఫ్లాష్ వేస్తే మెరిసే రంగుమీద తెల్లని మచ్చ పడుతుంది గనుక దాన్ని ఆపేశాము. వెలుతురు చాలక బొమ్మ చెదురుతుందని మోచేతులు స్తంభానికి ఆనించి ఊపిరి బిగబట్టాము. మోకాళ్లూని కాళ్ల సందులోనుండి చూస్తే 12 అంగుళాల చిన్న చక్రం కనబడింది. తండ్రి భుజాలెక్కిన ఒక పిల్లవాడు కారువైపు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి, వెనుక కారు దీపం. చివరి ఫోటో అదే.

"కారు సగమే ఉందేమిరా?" అన్నారు నాన్నగారు. అయినా దానికే ఫ్రేము కట్టించమన్నారు.