ఆర్, నేను, మా నాయన మోటారు

విద్యార్థి సంఘం వారు సావనీరుకు ఏదైనా రాయమన్నప్పుడు, కవితలు రాసేవాళ్లకు మన కాలేజీలో కొదవేముంది అని తప్పించుకోజూశాను. "నీకు తెలిసిందే రాయవయ్యా" అన్నారు. నాకు తెలిసింది ఒక్కటే, పోయిన దీపావళి సెలవుల్లో నేను చేసిన నిర్వాకం. స్టాటిస్టిక్స్ మిత్రులు నవ్వుకుంటారు, మిగతావారు కాస్త ఓర్చుకోవాలి.

మాది విడవలూరు వైపు, పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న పల్లె. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయిన సంగతి అందరూ పేపర్లలో చదివే ఉంటారు. మా కయ్యల్లో ఇసుక మేట వేసిన సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. ఆ ఇసుక తోలించడానికి అయిన అప్పు ఈ మధ్యనే తీరింది. ఒకరోజు గెనిమ మీద కూర్చుని నాయన అడిగాడు: "ఇట్టాంటి వాన మళ్లా ఎన్నేళ్లకొస్తుందిరా? మీ చదువులో దానికి లెక్కేమన్నా ఉందా?"

ఉంది. వాతావరణ శాఖ వారి దగ్గర 1901 నుంచి రోజువారీ వానల లెక్కలు ఉన్నాయి. ఏటేటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక్కరోజులో కురిసిన అతి పెద్ద వానను తీసి, దాని మీద ఒక ప్రత్యేకమైన పద్ధతిలో లెక్క కట్టవచ్చు. అదే నా ప్రాజెక్టుగా పెట్టుకున్నాను.

లెక్క చేసిపెట్టేది 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు మొదలుపెట్టింది. 1.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. పైసా ఖర్చు లేదు గనుక మాలాంటి వాళ్లకు అదే దిక్కు. ఒక్కో రకం లెక్కకు ఒక్కో ప్యాకేజీ తెచ్చి అందులో వేసుకోవాలి. అట్లాంటివి ఇరవై వేలకు పైగా ఉన్నాయి. నాకు కావలసింది 'ఎక్స్‌ట్రీమ్స్' అనేది.

నాకు సొంత లాప్‌టాప్ లేదు. నా రూమ్మేటుది పగలు వాడు వాడుకుంటాడు, రాత్రి నాకిస్తాడు. దీపావళికి ఇంటికి తీసుకుపోతానంటే మారుమాట లేకుండా ఇచ్చాడు. వాడి ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది.

మా ఊళ్లో సిగ్నలు మిద్దె ఎక్కితేనే. మొదట పేరు కొట్టాను, అట్లాంటి ప్యాకేజీయే లేదంది. గంట తర్వాత తెలిసింది, ఆ పేరు నడుమన ఉన్న 'ఆర్' పెద్దక్షరమట! సరిచేశాను. ఈసారి దిగుమతి సగంలో తెగింది. అరవై సెకన్లు చూసి ఇక చాలనుకుంటుందట, మా ఊరి సిగ్నలు సంగతి దానికేం తెలుసు? ఆ గడువు పెంచాను. అప్పుడొక ప్రశ్న వేసింది: దీనికి ఆధారమైన 'ఆర్‌సీపీపీ' అనే ప్యాకేజీకి కొత్త వెర్షను ఉంది, కాని మూలం నుంచి తయారు చేసుకోవాలి, చేయమంటావా? కొత్తదంటే మంచిదే గదా అని 'ఎస్' అన్నాను. తెర నిండా ఎర్రక్షరాలు. చివర 'నాన్ జీరో ఎగ్జిట్ స్టేటస్' అని ఒక ముక్క. ఆ ముక్కే పదిసార్లు చదివాను. దాంట్లో ఏముంది? పని కాలేదని చెప్పడం తప్ప.

విసిగిపోయి పాత 4.0 ఉండగానే కొత్త 4.4 దించాను. ప్యాకేజీ చక్కగా ఎక్కింది. మిద్దె మీద గంతులొక్కటే తక్కువ.

కాలేజీకి వచ్చాక వాడు తన ప్రోగ్రాము తెరిచాడు. ఏది పిలిచినా 'ఆ పేరుతో ప్యాకేజీ లేదు'. మర్నాడు పొద్దున వాడికి వైవా. తిట్టి ఉంటే బాగుండేది. మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు.

బయటికొచ్చి ఇంటికి ఫోను చేశాను. నాయనకు కంప్యూటరు సంగతి ఏం చెప్పాలి? ఏదో చెప్పాను. "మోటారు నీళ్లెత్తకపోతే కొత్త మోటారు తెస్తామా?" అన్నాడు. "ముందు ఫుట్‌వాల్వు చూస్తాం, పైపు జాయింట్లు చూస్తాం. ఒకటి మార్చి చూడు. అన్నీ ఒక్కసారే మారిస్తే యాడ పోయిందో ఎట్టా తెలిసేది?"

మా లెక్చరరు గారికి రాత్రి పదింటికి ఫోను చేస్తే విసుక్కోలేదు. 4.0 నుంచి 4.4కు మారితే ప్యాకేజీలు పెట్టుకునే ఫోల్డరు కూడా మారుతుందట. పాతవి ఎక్కడికీ పోలేదు, పక్కనే ఉన్నాయి. విండోస్‌లో కంట్రోల్ మీట నొక్కిపట్టి ఆర్‌స్టూడియో తెరిస్తే ఏ ఆర్ కావాలో అడుగుతుందన్నారు. అడిగింది. పాతది ఎంచాను. వాడి గ్రాఫు గీత గీతగా తెర మీదికొచ్చేసరికి ఇద్దరికీ మాట రాలేదు. "టీ తాగుదాం పదరా" అన్నాడు వాడు.

వైవా అయిపోయాక ఆ ఎర్రక్షరాలను ఈసారి పైనుంచి చదివాను. జబ్బంతా మొదటి వరసల్లోనే ఉంది. మూలం నుంచి తయారు చేసుకోవాలంటే విండోస్‌లో 'ఆర్‌టూల్స్' అనే సరంజామా కావాలి, అదీ మన ఆర్ వెర్షనుకు సరిపడేదే కావాలి. అది మా దగ్గర లేదు. పాత ఆర్‌లోనే మళ్లీ ప్రయత్నించి, ఆ ప్రశ్నకు 'నో' అన్నాను. పాతదే అయినా, తయారుగా ఉన్నది వచ్చి ఎక్కి కూర్చుంది. అంటే 4.4 అసలు అక్కర్లేనే లేదు.

ఇక నా వైవా. గ్రాఫులు చూసి ఒకాయన మెచ్చుకున్నారు. రెండో ఆయన అడిగారు: "మీ ఊరి వాన లెక్క కట్టావు, బాగుంది. కాని ఆ ఏడు పెన్నకు నీళ్లొచ్చింది మీ ఊరి వానతోనా?" నా నోట మాట లేదు. 2021 నవంబరు 19న పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కడప జిల్లా వానలన్నీ పెన్నలోకే దిగాయి. పదిహేను రోజులు ప్యాకేజీతో కుస్తీ పట్టిన నేను ఈ మాట ఒక్కసారైనా అనుకోలేదు.

ఇంటికి పోయి నాయనకు చెబితే, "పైనుంచి గదరా వచ్చింది, ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు" అన్నాడు. నా గీతలను మాత్రం ఓపిగ్గా చూశాడు. నూరేళ్లకొకసారి అంటే మళ్లీ నూరేళ్ల దాకా రాదని కాదు నాయనా, ప్రతి ఏడూ నూటికొక పాలు వచ్చే వీలుందని, అని చెప్పాను.

"అంటే ఈ ఏడూ రావచ్చు."

"రావచ్చు."

కాసేపు పొర్లుకట్ట వైపు చూశాడు. "అయితే నారు అంతా ఒక్కసారే పొయ్యొద్దులే, రెండు దఫాలుగా పోద్దాం" అన్నాడు. ఇప్పుడు కడప వైపు వానల లెక్కలు కూడా దించుతున్నాను, మిద్దె మీద నుంచే.