కేడ్‌గావ్‌కు అతిథిగా

సికింద్రాబాదు నుండి షోలాపూర్ మీదుగా పూణే వెళ్ళే రైలు మార్గంలో, దౌండ్ జంక్షన్ దాటిన తరువాత కేడ్‌గావ్ అనే చిన్న స్టేషను వస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు చాలా వరకు అక్కడ ఆగవు. దౌండ్‌లో దిగి, నెమ్మదిగా వెళ్ళే బండి ఎక్కాలి. చుట్టూ చెరకు తోటలు. బెల్లం వ్యాపారానికి పేరున్న ఊరు. కానీ దేశ విదేశాల్లో ఈ ఊరి పేరు తెలిసినది బెల్లం వలన కాదు, పండిత రమాబాయి స్థాపించిన ముక్తి మిషను వలన.

1858లో పుట్టిన రమాబాయి కూడా ఒకప్పుడు దిక్కులేని పిల్లే. సంస్కృత పండితుడైన తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, కుటుంబమంతటినీ వెంటబెట్టుకొని పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణాలు చెప్పేవారు. 1874 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో కరువు వచ్చినప్పుడు తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరు కన్నుమూశారు. మన తిరుపతి పరిసరాల అడవిలో ఆకులు తిని, నీళ్ళు త్రాగి గడిపిన దినాలను గూర్చి ఆమె వ్రాసుకున్నారు. ఆ ఆకలి ఎరిగినది కనుకనే, 1896-97లో మధ్య పరగణాల్లో కరువు వచ్చినప్పుడు తానే వెళ్ళి దాదాపు 300 మంది బాలికలను, స్త్రీలను తెచ్చి ఆదుకున్నారు. 1900 నాటికి ముక్తిలో సుమారు 2000 మంది ఉండేవారు. ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని బైబిలును సులభమైన మరాఠీలోనికి తెచ్చారు. అక్కడి ముద్రణాలయంలో ఆ స్త్రీలే అక్షరాలు కూర్చారు. 1922 ఏప్రిల్ 5న ఆమె ప్రభువునందు నిద్రించారు.

1994 వేసవి సెలవుల్లో నేను ఆరు వారాలు అక్కడ సేవ చేశాను. సేవ అంటే గొప్ప పనులేమీ కాదు. బియ్యంలో రాళ్ళు ఏరడం, చిన్నపిల్లలకు తలలు దువ్వి జడలు వేయడం, రాత్రిపూట దగ్గేవాళ్ళ పక్కన కూర్చోవడం. మమ్మల్ని పనిలో పెట్టిన పెద్దమ్మగారు మొదటి రోజే ఒక నియమం చెప్పారు: "వెళ్ళేటప్పుడు పిల్లలతో 'మళ్ళీ వస్తాను' అనవద్దు. వస్తారో రారో మీకే తెలియదు." ఆ మాట అప్పుడు నాకు కఠినంగా తోచింది.

ఇన్నేళ్ళకు, దేవుని కృపను బట్టి, ఒక కూడికకు అతిథిగా మరల వెళ్ళాను. అతిథి మర్యాదలు వేరుగా ఉంటాయి. కుర్చీ వేశారు, పూలగుత్తి ఇచ్చారు, టీ తెచ్చారు. పిల్లలు వరుసగా నిలబడి పాట పాడారు. ఒకప్పుడు నేను చాప మీద వాళ్ళ మధ్య కూర్చుని చూసిన చోటును ఇప్పుడు కుర్చీలో నుండి చూస్తున్నాను. పనివారికి పిల్లల ముఖాలు కనిపిస్తాయి, అతిథికి వరుస కనిపిస్తుంది. ఆ తేడా నాకు గుచ్చుకున్నది.

కూడిక అయ్యాక, పిల్లల బాగోగులు చూసుకునే ఒకామె నా దగ్గరకు వచ్చి, "తాయీ, నా జడ మీరే వేసేవారు" అన్నది. మరాఠీలో అక్కను అలా పిలుస్తారు. అప్పుడు ఆమెకు ఆరేళ్ళు ఉండవచ్చు. నా మరాఠీ అంతంత మాత్రమే కనుక హిందీలో మాట్లాడుకున్నాం. వంటింటి గట్టు మీద కూర్చొని ఆమె చెప్పిన మాట ఇది:

"చాలామంది వస్తారు తాయీ. బిస్కెట్లు తెస్తారు, ఎత్తుకుంటారు, 'మళ్ళీ పండుగకు వస్తాం' అంటారు. వాళ్ళు మరచిపోతారు. పిల్లలు మరచిపోరు. పండుగ రోజు గేటు దగ్గరే ఉంటారు. ఒకసారి తల్లి వస్తుందని ఎదురు చూసిన పిల్లలు కదా! మీరు వెళ్ళేటప్పుడు 'నేను రాలేకపోవచ్చు, ప్రార్థన చేస్తాను' అన్నారు. నేను ఏడ్చాను. కానీ గేటు దగ్గర నిలబడలేదు."

పెద్దమ్మగారి కఠినమైన నియమంలో ఎంత ప్రేమ ఉన్నదో ఆ వంటింట్లో నాకు అర్థమైంది. మిమ్మును అనాథలుగా విడువను, మీ యొద్దకు వస్తాను అని శిష్యులతో చెప్పినవాడు ఆ మాట నెరవేర్చగలవాడు. మనకైతే, చేయగలిగినంతే చెప్పడం న్యాయం.

ప్రియ పాఠకులారా, క్రిస్మస్ దినాల్లో మన సంఘాల నుండి బస్సులు కట్టుకొని అనాథ శరణాలయాలకు వెళ్తుంటాం. వెళ్ళడం మంచిదే. అయితే ముందుగా అక్కడి పెద్దలను అడిగి, వారికి అనువైన వేళకే వెళ్ళండి. పిల్లలను "మీ అమ్మానాన్నలు ఏమయ్యారు?" అని అడగకండి. ఫోటోలు తీసి పంచిపెట్టకండి. అలాంటి పిల్లల పేరు, ఫోటో పత్రికల్లోనూ ఇతర మాధ్యమాల్లోనూ ప్రకటించడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం నిషేధిస్తున్నది. సంస్థలో ఉంచడం చివరి మార్గంగానే ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. కాబట్టి మన ఊరిలో భర్త పోయిన తల్లి బియ్యానికి, బడి ఫీజుకు ఇబ్బందిపడి బిడ్డను హాస్టలుకు పంపే స్థితిలో ఉంటే, ఆ ఇంటిని నిలబెట్టడం కూడా అనాథ సేవే.

దిక్కులేని పిల్లలను చూడుమని కాదు, పరామర్శించుమని యాకోబు పత్రిక మనకు నేర్పుతున్నది. చూడటానికి ఒక పూట చాలు. పరామర్శకు పేరు గుర్తుండాలి, కష్టం తెలియాలి, ఇచ్చిన మాట నిలబడాలి. ఈసారి ఏ శరణాలయం గేటు దాటి బయటికి వస్తున్నా, పిల్లలకు ఏమి చెప్పి వస్తున్నామో ఒక్క క్షణం ఆలోచించుకుందాం.