తిట్టుకుంటూ... టిక్కెట్టు కొంటూ!

ప్రేమలో పడబోయేవాళ్ళే ఎక్కువ పోట్లాడుకుంటారని మన సినిమాలు ఏనాడో తేల్చేశాయి. ఫస్టాఫ్ అంతా కస్సుబుస్సు, సెకండాఫ్‌లో డ్యూయెట్టు! ఫ్రెంచివాళ్ళకీ అమెరికాకీ మధ్య నడుస్తున్న కథ కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే వీళ్ళ కథలో పోట్లాటా డ్యూయెట్టూ ఒకే సీనులో వస్తాయి.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కాదు, తెర మీద అర్థమయింది. ఓ ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేసిన షోలో జాక్ తాతి తీసిన ‘జూర్ ద ఫేత్’ చూశాను. 1949 నాటి సినిమా. పల్లెటూళ్ళో తిరనాళ్ళు. డేరాలో అమెరికా తపాలా శాఖ గురించిన బొమ్మ వేస్తారు. విమానాలు, మోటారు సైకిళ్ళు, ఒకటే హడావిడి! అది చూసి ఊరివాళ్ళు తమ పోస్ట్‌మాన్‌ని ఆటపట్టిస్తారు. పౌరుషం పొడుచుకొచ్చిన ఆ మహానుభావుడు పాత సైకిలెక్కి “అమెరికా పద్ధతి”లో ఉత్తరాలు పంచడం మొదలెడతాడు. చివరికి సైకిలుతో సహా వెళ్ళి నీళ్ళల్లో పడతాడు. హాలంతా నవ్వే నవ్వు! అమెరికావాడు చెడ్డవాడని తాతి ఎక్కడా అనలేదు. మన ఊరికి అంత తొందర ఎందుకయ్యా అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. యుద్ధంలో చితికిపోయిన ఫ్రాన్సు అప్పుల్లో ఉంది. 1946 మే నెలలో అమెరికాతో ఒప్పందం కుదిరింది. పాత బాకీ చాలావరకు రద్దు, కొత్త అప్పు మంజూరు. బదులుగా సినిమా హాళ్ళ తలుపులు తెరవాలి! ప్రతి మూడు నెలల్లో నాలుగు వారాలు మాత్రం ఫ్రెంచి సినిమాలకి ఖాయం, మిగతా వారాల్లో ఎవరి బలం వాళ్ళది. జర్మన్ల ఆక్రమణలో ఆగిపోయిన హాలీవుడ్ బొమ్మలన్నీ ఒక్కసారిగా వరదలా వచ్చిపడ్డాయి. 1948 జనవరిలో నటీనటులు, టెక్నీషియన్లు పారిస్ వీధుల్లో ఊరేగింపు తీశారు. ఆ ఏడే నాలుగు వారాలు ఐదయ్యాయి.

అంతకంటే తెలివైన పని మరొకటి జరిగింది. అమ్ముడయ్యే ప్రతి సినిమా టిక్కెట్టు మీదా చిన్న పన్ను వేసి, ఆ సొమ్ముని సొంత సినిమాకి సాయంగా ఇవ్వడం మొదలెట్టారు. ఈనాటికీ ఆ పన్ను ఉంది, 10.72 శాతం. మన లెక్కలో వంద రూపాయల టిక్కెట్టు మీద 10 రూపాయల 72 పైసలన్నమాట. ఆడేది హాలీవుడ్ బొమ్మయినా సరే, ఆ పన్ను ఫ్రెంచి సినిమా నిధికే చేరుతుంది. తిట్టడం వేరు, లెక్క చూసుకోవడం వేరు!

ఇక డ్యూయెట్టు సంగతి. ఊరేగింపులు ఒకవైపు సాగుతుంటే, కొందరు కుర్రాళ్ళు చీకటి హాళ్ళల్లో కూర్చుని అదే అమెరికన్ సినిమాల్ని మళ్ళీ మళ్ళీ చూశారు. ఆ నేరకథా చిత్రాలకి ‘ఫిల్మ్ నోయిర్’ అన్న పేరు 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు పారిస్‌లో పెట్టిందే. 1951లో ‘కైయే దు సినిమా’ పత్రిక మొదలైంది. ఉత్త వినోదం అమ్ముకునేవాళ్ళనుకున్న హిచ్‌కాక్, హోవర్డ్ హాక్స్‌లను గొప్ప కళాకారులని ఆ పత్రిక కుర్రాళ్ళు వాదించారు. వాళ్ళలో ఒకడైన త్రూఫో 1962లో హిచ్‌కాక్‌ని రోజుల తరబడి ప్రశ్నలడిగి పుస్తకమే వేశాడు.

మరొకడు గొదార్. 1960లో ‘బ్రెత్‌లెస్’ తీశాడు. అందులో హీరో బెల్మొందో సినిమా హాలు ముందు హంఫ్రీ బొగార్ట్ బొమ్మ చూసి, తనూ బొగార్టునే అన్నట్టు బొటనవేలితో పెదవి రుద్దుకుంటాడు. ఈల వేసి తీరాల్సిన సీను! అతగాడు ప్రేమించేది పారిస్ వీధిలో అమెరికన్ పేపరు అమ్మే అమెరికా పిల్లని. చివరికి పోలీసులకి పట్టిచ్చేదీ ఆ పిల్లే! రెండు దేశాల కథా అందులోనే ఉందనిపిస్తుంది నాకు.

కోపాలు తగ్గాయా అంటే, లేదు. 1992లో పారిస్ దగ్గర డిస్నీలాండ్ తెరిస్తే మేధావులు మండిపడ్డారు. పైగా లోపల వైన్ అమ్మరట! మరుసటి ఏడు డిస్నీవాళ్ళే దిగొచ్చారు. 1999లో మియో అనే ఊళ్ళో కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ని జొసే బొవే అనే రైతు నాయకుడు తన మనుషులతో వెళ్ళి ఊడబీకాడు. తమ ప్రాంతపు రోక్‌ఫోర్ జున్ను మీద అమెరికా సుంకం పెంచిందన్నది వాళ్ళ కడుపుమంట. అదే ఫ్రాన్సులో ఇప్పుడు మెక్‌డొనాల్డ్స్ శాఖలు 1,500కి పైనే! కామెడీ హీరో జెర్రీ లూయిస్‌ని 1984లో లీజియన్ ఆఫ్ ఆనర్‌తో సత్కరించిందీ వాళ్ళే. అమెరికాలో నల్లజాతి ఇంట పుట్టి పారిస్ వేదికని ఏలిన జోసెఫిన్ బేకర్‌ని 2021లో తమ మహనీయుల సరసన పాంథియాన్‌లో చేర్చుకున్నదీ వాళ్ళే. మనిషి మీద కాదు వాళ్ళ కోపం. ప్రపంచమంతా ఒకే అచ్చులో పోసినట్టు అయిపోతుందేమోనన్న భయం.

ఈ గొడవ మనకెందుకంటారా? మనకీ ఉంది కాబట్టి! 1971లో కృష్ణగారు టోపీ పెట్టి, గుర్రమెక్కి, రాజస్థాన్ ఎడారిలో ‘మోసగాళ్ళకు మోసగాడు’ అంటే హాళ్ళు దద్దరిల్లాయి. టోపీ వాళ్ళది, పౌరుషం మనది! సినిమాల మీద రాసి బతికేవాణ్ణి కదా, రోజూ రెండు రకాల కుర్రాళ్ళు తగులుతారు. ఒకడు “ఇంగ్లీషు సినిమా ముందు మనదెంత గురూ” అంటాడు. ఇంకొకడు “ఇంగ్లీషు బొమ్మల్ని బ్యాన్ చేయాలన్నా” అంటాడు. ఇద్దరికీ కాఫీ ఇప్పించి ఫ్రెంచివాళ్ళ కథే చెబుతాను. తలుపు మూయలేదు, అలాగని ఇల్లూ రాసివ్వలేదు. అందుకే ఈనాటికీ వాళ్ళ హాళ్ళల్లో పదిమందిలో సుమారు నలుగురు సొంత భాషా చిత్రానికే టిక్కెట్టు కొంటున్నారు.

మనకి అలాంటి నిధి లేదు. ఉన్నదల్లా మన జేబు. కాబట్టి తమ్ముళ్ళూ, ఈ వారం హాలీవుడ్ బొమ్మకి వెళ్ళండి, హాయిగా ఈలలు వేయండి. వచ్చే వారం మాత్రం మన కొత్త డైరెక్టరెవరో చిన్న బొమ్మ తీస్తే, అది ఎత్తేసేలోగా ఓ టిక్కెట్టు కొనండి. చూశాక నచ్చకపోతే తిట్టండి... ఫ్రెంచివాళ్ళలాగే!