ఎర్ర సరస్సూ, మా పెన్నా

బొలీవియాలో, ఆండీస్ కొండల మీద, సముద్రమట్టానికి 4,200 మీటర్లకు పైన ఎర్రనీళ్ల సరస్సు ఒకటుంది. పేరు లగూనా కొలొరాదా. ఆ ఎరుపు నీళ్లలోని నాచుది. దాన్ని తినే ఫ్లెమింగో పక్షులకూ ఆ రంగే అంటుకుంటుంది. ఇవి మన పులికాట్‌కు వచ్చే పక్షులకు చుట్టాలు. ఆ ప్రాంతంలోనే లగూనా వెర్దే అని ఆకుపచ్చ సరస్సూ ఉంది. దాని రంగు ఖనిజాల చలవ.

ఇదంతా చెబితే కొండాపురంలో ఒక పెద్దాయన నవ్వాడు. "ఎర్రనీళ్లకు అంతదూరం పోవల్లా అబ్బీ? పెన్నకు కొత్తనీళ్లు వచ్చినప్పుడు చూడు!"

నిజమే. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న చేసిన గండిని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో గండికోటకు వస్తారు. ఆ పేరుతోనే కట్టిన జలాశయంలో 26.85 టి.ఎం.సి.ల నీళ్లు పడతాయి. పొద్దున వెండిరంగు, సాయంత్రం కుంకుమరంగు. చూసినవాళ్లు ఆహా అంటారు.

ఆ నీళ్ల కోసమే 2020లో మా మండలంలోని తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. బొలీవియా సరస్సు అడుగున ఉప్పూ బురదా ఉంటాయి. ఇక్కడి నీళ్లడుగున ముగ్గులేసిన వాకిళ్లున్నాయి.

అందుకని, ఆహా అనండి, తప్పులేదు. పక్కనున్న పిల్లలకు ఆ ఊరి పేరు కూడా ఒకసారి చెప్పండి.