బండి ఇచ్చారు, నేల ఏదీ?

నెల్లూరు జిల్లా సంగం బ్యారేజీ మీద రెండు పేజీలు రాసుకు రమ్మని ఎడిటర్ పంపారు. 2022 సెప్టెంబరులో ప్రారంభమైన 85 గేట్ల బ్యారేజీ, దాని పక్కన 1880ల నాటి పాత ఆనకట్ట. రాయడానికి బోలెడుంది. నేను బస్సు దిగి నూరడుగులు నడిచి ఒక సైకిల్ షాపు ముందు ఆగిపోయాను. ఇక గేట్ల దాకా పోనేలేదు.

షాపాయన వికలాంగుల మూడు చక్రాల బండిని తలకిందులు చేసి ముందు చక్రం తిప్పుతున్నాడు. రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వంకర ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. అక్కడ స్పోకుల్ని వేలితో మీటుతాడు. మందంగా పలికిందంటే వదులే. చిన్న కీతో ఒక్క పావు తిప్పు బిగించి మళ్లీ మీటుతాడు. వీణ శ్రుతి చేసేవాళ్లని దగ్గరగా చూశాను గానీ వాళ్ల గోళ్లలో ఇంత గ్రీజు లేదు.

బండి గలవాడికి పద్నాలుగేళ్లుంటాయి. బల్లమీద కూర్చున్నాడు. మోకాళ్లు లోపలికి తిరిగిపోయాయి. ఊరు ఉదయగిరి అవతల అన్నాడు. కారణం అడగబుద్ధి కాలేదు. ఇలా కాళ్లు వంకరపోయే ఫ్లోరైడ్ నీళ్ల జబ్బు గురించి దేశంలో తొలి నివేదిక వచ్చింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే.

"ఎంత బాగుచేసినా ఏం లాభం తాతా? ఇస్కూలు గ్రౌండులో ఇసక. చక్రం దిగబడిపోతాది. రోడ్డెక్కితే లారీలోళ్లు తిడతారు. బ్యారేజీ మీద నున్నగా ఉంటాది గానీ ఆడా బళ్లే."

"బండి ఇచ్చినోళ్లు నేల ఇయ్యలా. అది నా చేతిలో లేదు నాయనా" అన్నాడాయన, కీ ఆపకుండానే.

నాకు చిర్రెత్తింది. ఏ ఊరికి పోయినా వాకింగ్ ట్రాకు, షటిల్ కోర్టు, ఓపెన్ జిమ్ కనిపిస్తాయి. అన్నీ కాళ్లున్నవాళ్లకే. చక్రాల ఆట మనకు కొత్తా? తాటిబుర్రల బండి తోలాం, టైరు వెంట పరిగెత్తాం, మెకానిక్ షెడ్డులో పారేసిన బేరింగులు మూడు ఏరుకొచ్చి పలక కింద బిగించాం. స్కేట్‌పార్కంటే ఆ బేరింగుల బండికి కట్టిన ఇల్లు, అంతే. నున్నటి సిమెంటు నేల, మూకుడులా ఒక గుంట, ఏటవాలు గట్లు. సైకిలైనా, స్కేట్‌బోర్డయినా, వీల్‌చెయిరైనా అదే నేల మీద దొర్లుతుంది. గుంట గట్టుకి మెట్లు పెట్టకుండా, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కడితే ఈ పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా పైకెక్కుతాడు.

డబ్బున్న ఊళ్ల షోకంటారా? మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ ఓ మామూలు పల్లె. 2015లో అక్కడ స్కేట్‌పార్కు కట్టారు. ఆడపిల్లలదే ముందు వంతు అని నియమం పెట్టారు. వీల్‌చెయిర్‌తో అలాంటిచోట ఏం చేస్తారంటారా? పుట్టుకతోనే వెన్నెముక లోపమున్న అమెరికా కుర్రాడు ఆరన్ ఫాదరింగ్‌హామ్ 2006లో, పద్నాలుగేళ్ల వయసులో, స్కేట్‌పార్కులోనే వీల్‌చెయిర్‌తో సహా గాలిలో వెనక్కి పల్టీ కొట్టాడు. మనవాడికి అది చెబితే నమ్మలేదు. ఫోనులో వీడియో చూపించాను. మూడుసార్లు చూసి, "కింద సిమెంటేనా?" అనడిగాడు. పల్టీ గురించి ఒక్కమాట లేదు.

చట్టమూ లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షను, ఆటల వసతులు వాళ్లకీ పనికొచ్చేలా మార్చాలనే చెబుతోంది.

రిమ్ము సరయింది. నలభై రూపాయలు తీసుకున్నాడు. నేను అక్కడే బల్లమీద కూర్చుని అర్జీ రాశాను: సంగంలోనో ఆత్మకూరులోనో బస్సు దిగి చేరుకోగలిగినంత దగ్గర్లో స్కేట్‌పార్కుకి పావు ఎకరం, సిమెంటు, ఒక వాలు, చక్రాల కుర్చీ పట్టే తలుపున్న మరుగుదొడ్డి. సాయంత్రానికి పదకొండు సంతకాలు పడ్డాయి, షాపాయన గ్రీజు వేలిముద్రతో కలిపి. కాగితం ఆయన దగ్గరే ఉంది. వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ఇస్తాం. ఈలోగా అటు వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగి సంతకం పెట్టి పోండి.