తేనెటీగకు దారి చెప్పండి చూద్దాం!

ఇవాళ కబుర్లు అక్షరాలైనా రాని ప్రోగ్రామర్ల గురించి. నవ్వకండి, నాలుగేళ్ల పిల్లల సంగతే!

ఇంగ్లండులో నర్సరీ బళ్లలో బీ-బాట్ అని ఓ బొమ్మ ఉంటుంది. పసుపూ నలుపూ చారల తేనెటీగ. వీపు మీద నాలుగు బాణాలు, మధ్యలో ‘గో’ బటన్. ముందుకి అని నొక్కి ‘గో’ అంటే సరిగ్గా 15 సెంటీమీటర్లు నడిచి ఆగుతుంది. తమాషా అంతా మలుపు దగ్గర. కుడి బాణం నొక్కితే పక్కకి జరుగుతుందనుకుంటారు పిల్లలు. మనమూ అలాగే అనుకుంటాం లెండి! అదేమో ఉన్నచోటే 90 డిగ్రీలు తిరిగి ఊరుకుంటుంది. కదలాలంటే మళ్లీ ముందుకి నొక్కాల్సిందే. పైగా అది మనకెదురుగా వస్తోందంటే దాని కుడి మన ఎడమ. అందుకే కొందరు బుడతలు లేచి, దాని వెనక్కి వెళ్లి, అది ఎటు చూస్తుంటే అటే తిరిగి నిలబడి మరీ లెక్క తేల్చుకుంటారు. అది గుర్తుంచుకున్న పాత బాణాలు చెరపడం మరిచారా, ముందు ఆ పాత దారంతా తిరిగొచ్చి గానీ కొత్త మాట వినదు!

ఇదేదో నిన్నమొన్నటి సరుకు అనుకునేరు. అమెరికాలోని ఎంఐటీలో సెమూర్ పేపర్ట్ బృందం టైపు చేసే ‘లోగో’ అనే కంప్యూటర్ భాషతో తాబేలు రోబోను నడిపించింది. మరి పసివాళ్లకు టైపు కొట్టడం రాదు కదా? 1970లలో అక్కడే చదువుకుంటున్న రేడియా పెర్ల్‌మన్ వాళ్లకోసం బటన్ల పెట్టె తయారుచేసింది. ఆవిడే 1985లో కంప్యూటర్ నెట్‌వర్కుల్లో సమాచారం గిరగిరా చుట్టూ తిరగకుండా కాపాడే స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టింది.

ఇంతకీ పిల్లలు నేర్చుకునేదేమిటంటారా? పెద్ద పనిని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టడం, వాటిని వరసగా పేర్చడం, బెడిసికొడితే ఎక్కడ బెడిసిందో వెతకడం. నన్నడిగితే ఆ మూడోదే అసలు చదువు. పలక మీద తప్పు రాస్తే టీచరు చెబితేగానీ తెలియదు. తేనెటీగ గోడకి గుద్దుకుంటే ఒకరు చెప్పేదేముంది? తిట్టేవాళ్లు లేరు, మార్కులు పోవు. ఒక్క బాణం మార్చి మళ్లీ ‘గో’!

బొమ్మ కొనలేమంటారా? సుద్దముక్కతో నేల మీద గళ్లు గీసి తాతయ్యను రోబోగా నిలబెట్టండి. మనవడు చెప్పినట్టే నడవాలి, సొంత తెలివి వాడకూడదు, గోడ ఎదురైనా ‘అటు కాదురా’ అనకూడదు. పిల్లలకేం, ఇట్టే పట్టేస్తారు. నోరు కట్టుకోవడమే మన పెద్దవాళ్లకు బోలెడు సాధన!